పిచ్చుకల వ్యాసం

ఆ వ్యాసం మొదటిసారి చదివినప్పుడు నేనూ కళ్లు తుడుచుకున్నాను. ఆదివారం పొద్దున్న, స్టవ్ మీద ఇడ్లీ కుక్కర్ పెట్టి, పేపర్‌తో వచ్చే అనుబంధంలో చదివాను. రాసినాయన పేరున్న మనిషి. చీడికాడ వైపు కొండ వార ఊళ్లో పుట్టి, చిన్నప్పుడే విశాఖపట్నం వెళ్లిపోయి, అక్కడే ఉద్యోగం చేసి, ఇప్పుడు సముద్రం కనిపించే ఇంట్లో ఉంటున్నారు. వారం వారం ఆయన కాలమ్ వస్తుంది. ఆ వారం పిచ్చుకల గురించి రాశారు. వాళ్ల నాయనమ్మ ఇంటి చూరుకి వరికంకుల కుచ్చు కట్టేదట. పిచ్చుకలు వచ్చి దానిమీద వేలాడేవట. ఆవిడ చేటలోంచి నూకలు విసిరితే వాకిలంతా రెక్కల చప్పుడట. ఇప్పుడు వెళ్లి చూస్తే చూరు లేదు, కుచ్చు లేదు, పిచ్చుక లేదు, ఇంటి వెనక సెల్ టవర్ మాత్రం నిలబడి ఉంది. కంటికి కనపడని మంట ఒకటి ఆ టవర్లోంచి వచ్చి పిచ్చుకల గుండెల్ని కాల్చేసిందని, రేపు మన పిల్లల గుండెల గతీ అంతేనని ముగించారు.

నేను చోడవరంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. విద్యుదయస్కాంత తరంగాలు ఏటేటా చెప్పే పాఠం. అందుకని ఆ చివరి పేరా దగ్గర ఆగిపోయాను. చూరు పోయిందని ఆయనే రాశారు. పెంకుటిళ్లు పోయి స్లాబులు వచ్చాక పిచ్చుకకి గూడు పెట్టుకునే సందు ఎక్కడుంటుంది? చేలల్లో మందు కొట్టాక పిల్లల నోటికి అందించడానికి పురుగు ఎక్కడ దొరుకుతుంది? ఇవి ఆయన కళ్లెదుటే ఉన్నాయి. వాటిని దాటుకుంటూ వెళ్లి టవర్ దగ్గర నిలబడ్డారు. టవర్ మీద వాక్యం బాగా వచ్చింది మరి. అంతవరకే అనుకుని ఇడ్లీలు దించాను. పేపర్ మడిచి పాత పేపర్ల మీద పడేశాను. ఆ వ్యాసం నా బతుకులోకి వస్తుందని అప్పుడు అనుకోలేదు.

మేం అద్దెకున్న వీధి మెయిన్ రోడ్డుకి బాగా లోపలికి ఉండేది. మాకెదురుగా డాబా ఇల్లు, దాని కింద గదిలో పిండిమర. ఆ ఇల్లూ మరా ఒకావిడవి. మేం పిన్నీ అని పిలిచేవాళ్లం, చుట్టరికం ఏమీ లేదు. భర్త పోయాక ఆవిడే మర నడుపుకుంటూ వచ్చింది. బెల్టు జారితే ఆవిడే ఎక్కించేది. కనుబొమలకి ఎప్పుడూ తెల్లగా పిండి అంటుకుని ఉండేది. మిరపకాయలు పట్టిన రోజు వీధంతా తుమ్మేది, ఎవరూ ఏమీ అనేవారు కాదు. అందరికీ అవసరమైన మనిషి.

ఆ వీధిలో ఫోన్ సిగ్నల్ ఉండేది కాదు. ఎవరితోనైనా మాట్లాడాలంటే మేడెక్కాలి, లేదా రోడ్డు మీదికి నడవాలి. టవర్ కోసం జాగా వెతుక్కుంటూ కంపెనీ మనుషులు వచ్చి పిన్ని డాబా చూసుకున్నారు. నెలనెలా అద్దె ఇస్తామన్నారు. ఆవిడ వాళ్లిచ్చిన కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

“అంతా ఇంగ్లీషే. నువ్వు సదివి సెప్పమ్మా. దీనివల్ల మనుసులకేటైనా అవుతాదేటి?”

చదివి చెప్పాను. ఎంత బలం వరకు తరంగాలు పంపొచ్చో దానికి ప్రభుత్వం హద్దు పెట్టిందని, ఆ హద్దు లోపల హాని ఉన్నట్టు రుజువులేదని చెప్పాను. సిగ్నల్ సరిగ్గా లేనిచోట మన ఫోనే ఎక్కువ బలంగా పనిచెయ్యాల్సి వస్తుందని, చెవికి ఆనించుకునేది దాన్నే కదా అని కూడా చెప్పాను.

“అయితే పెట్టించీమంటావా?”

“నీ ఇష్టం పిన్నీ. నాకైతే భయం లేదు. నేనుండేది నీ ఎదురుగానే కదా.”

ఆవిడ నవ్వి వెళ్లిపోయింది. మర్నాటికి సంగతి వీధంతా పాకింది.

మా వీధి చివర రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన ఉండేవారు. ఊళ్లో సాహితీ సంఘానికి ఆయనే కార్యదర్శి. నాతో అంతకుముందు బాగానే ఉండేవారు. నేను చిన్న పత్రికల్లో రాసే సైన్సు వ్యాసాలు చదివి, ఒత్తులు తప్పాయనో సంధి తప్పిందనో ఆపి మరీ చెప్పేవారు. టవర్ సంగతి తెలియగానే ఆయన ఆ పిచ్చుకల వ్యాసం వెతికి తీసి, పెద్దగా ప్రింటు వేయించి, వానకి తడవకుండా లామినేషన్ చేయించి, పిండిమర పక్కనున్న కరెంటు స్తంభానికి తీగతో కట్టారు. పిండి పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు డబ్బా చంకన పెట్టుకుని నిలబడి చదివేవారు. చదువు రానివాళ్లకి వచ్చినవాళ్లు చదివి వినిపించేవారు.

ఒక సాయంత్రం మర ముందు వీధంతా చేరింది. మాస్టారు ఆ వ్యాసం పైకి చదివారు. ఆయన గొంతు మంచి గొంతు. నాయనమ్మ నూకలు విసిరేచోట కొందరు కళ్లు ఒత్తుకున్నారు. పిల్లల గుండెలు అన్నచోట ఒక తల్లి ఒళ్లో గుంటడిని దగ్గరికి లాక్కుంది. ఇంకా వెయ్యని టవర్‌కి అప్పటికే తలనొప్పులు, నిద్ర పట్టకపోవడాలు అంటగట్టి మాట్లాడుతున్నారు. పిన్ని మర గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ వైపు ఎవరూ చూడలేదు.

నేను మాట్లాడతానన్నాను. మాట్లాడనిచ్చారు, ఆ మాట ఒప్పుకోవాలి. క్లాసులో చెప్పినట్టే చెప్పాను. ఎక్స్‌రే వేరు, ఇది వేరు అన్నాను. దూరం పెరిగేకొద్దీ తరంగం ఎలా పలచబడుతుందో చెప్పాను. వింటున్నారనే అనుకున్నాను. అప్పుడు పురిటికి పుట్టింటికి వచ్చిన ఒక అమ్మాయి లేచింది.

“అక్కా, నాకు ముందు రెండుసార్లు పోయింది. ఈ కడుపైనా నిలబడాలని మొక్కుకుంటన్నాను. ఏటీ అవదని నువ్వు గట్టిగా సెప్పగలవా?”

“ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల్లో హాని ఉన్నట్టు రుజువు కాలేదమ్మా.”

“రుజువు కాలేదంటే లేదనా, ఇంకా తెల్దనా?”

ఇంత మంచి ప్రశ్న నా క్లాసులో ఎవరూ అడగలేదు. దానికి నా దగ్గర నిజాయితీగా ఒకే జవాబు ఉంది. ఏ వస్తువు గురించైనా హాని బొత్తిగా లేదని సైన్సు ఎప్పుడూ అనదని, గట్టిగా వెతుకుతుందని, వెతికినంతలో కనిపించలేదని మాత్రమే చెప్తుందని అన్నాను. చెప్తూ ఉండగానే ఆ అమ్మాయి ముఖం మారిపోవడం చూశాను. ఆమెకి కావలసింది అవుననో కాదనో ఒక్క మాట. నేనిచ్చింది ఆ ఒక్క మాట చుట్టూ కట్టిన కంచె.

మాస్టారు జనం వైపు తిరిగారు. “విన్నారు కదా. ఆవిడకే నమ్మకం లేదు.”

ఆ క్షణం నుంచి మొదలైంది ఆ పెద్ద రచయిత మీద నా పగ. పగ అనే అంటాను, ఇంకో మాట వెతకను. ‘కాలుస్తుంది’ అని రాసేటప్పుడు ఆయనకి కంచె అక్కర్లేదు. ‘బహుశా’ అక్కర్లేదు, ‘ఇప్పటివరకు’ అక్కర్లేదు. అబద్ధమని తేలినా అది కవిత్వం అవుతుంది. నేను ఒక్క ‘బహుశా’ వదిలేస్తే మోసం చేసినట్టవుతుంది. ఇద్దరం ఒకే వీధిలో, ఒకే జనం ముందు మాట్లాడుతున్నాం. ఆయన మనిషి అక్కడికి రాకుండానే గెలిచారు.

ఊరుకోలేక జవాబు రాశాను. అదే పేపర్‌కి పంపాను. వేస్తారనుకోలేదు, వేశారు. సగం కోసేసి వేశారు. పిచ్చుకల గూళ్ల సంగతి, పురుగుమందుల సంగతి తీసేశారు. సైన్సు ఏదీ నూటికి నూరుపాళ్లు చెప్పదన్న పేరా మాత్రం ఉంచి, దానిమీద టవర్ల ముప్పు గురించి శాస్త్రం ఇంకా తేల్చలేదన్నట్టు పెద్ద అక్షరాల్లో శీర్షిక పెట్టారు. నేను దేనికి వ్యతిరేకంగా రాశానో ఆ శీర్షిక దాన్నే చెప్తోంది. కింద నా పేరు, మా కాలేజీలో నా హోదా.

ఫోన్ చేశాను. డెస్కులో ఎవరో కుర్రాడు ఎత్తాడు.

“మీరు రాసిన మాటే కదండీ మేడం, మేమేం కలపలేదు.”

“కలపలేదు. తీసేశారు.”

“స్పేస్ లేదండీ,” అని పెట్టేశాడు.

సాయంత్రానికి నా వ్యాసం కూడా లామినేషన్ అయ్యి స్తంభానికి ఎక్కింది. పిచ్చుకల వ్యాసం కింద, అదే తీగకి. చూడండి, ఫిజిక్స్ మేడమే ముప్పు ఉండొచ్చని రాసిందని మాస్టారు దానిమీద ఎర్ర పెన్నుతో గీత గీశారు. మళ్లీ ఆయనే నేను కంపెనీ మనిషినని చెప్పించారు. ఈ రెండు మాటలూ ఒకదాంతో ఒకటి కుదరవు కదా అని వీధిలో ఎవరికీ తట్టలేదు. మా ఇంట్లో కొత్త ఫ్రిజ్ దిగడం ఆ వారమే కావడం నాకు ఇంకో కర్మ. మా ఆయన జీతంలో వాయిదాల మీద కొన్న ఫ్రిజ్ అది. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి, “బాగానే ముట్టినట్టున్నాది,” అని నాకు వినబడేలా అంది.

మా ఆయన బుచ్చయ్యపేట మండలంలో వ్యవసాయ శాఖలో పనిచేస్తారు. రోజంతా రైతులతో తిరిగి వచ్చే మనిషి, గొడవలంటే పడదు. ఆ రోజు షూస్ విప్పుతూనే అన్నారు.

“నీకెందుకే ఈ గోల? టవరొస్తే వస్తాది, మానేస్తే మానేస్తాది. మనం మేడెక్కి మాటాడుకోడం లేదేటి?”

“పిన్ని సంగతో?”

“పిన్నికి నువ్వేటి మేలు సేసేవు చెప్పు. ముందు ఒక్క టవర్ గొడవే. ఇప్పుడు నీ గొడవ కూడా ఆవిడ నెత్తి మీదే పడింది.”

ఆ మాట నాకు నచ్చలేదు. తప్పని మాత్రం అనలేకపోయాను. మర ముందు నుంచే ఆడవాళ్లు డబ్బాలు పట్టుకుని అనకాపల్లి రోడ్డులో ఉన్న ఇంకో మరకి నడిచి వెళ్తున్నారు. ఎండలో అంత దూరం నడవడం కష్టమే అయినా వెళ్తున్నారు. ఎవరో రాత్రికి రాత్రి పిన్ని షట్టర్ మీద సున్నంతో పుర్రె బొమ్మ వేశారు. ఆవిడ తడిగుడ్డతో తుడిచింది, తుడిస్తే ఇంకా పెద్దదైంది. మా కాలేజీలో ప్రిన్సిపాల్ పిలిచి తల్లిదండ్రులు ఫోన్లు చేస్తున్నారని, పాఠం వరకే నా పని అని, పేపర్లో కాలేజీ పేరు కనపడకూడదని మెత్తగానే చెప్పారు. ఆ మెత్తదనంలో వచ్చే ఏడాది కాంట్రాక్టు కూడా ఉందని ఇద్దరికీ తెలుసు.

పిన్ని కంపెనీవాళ్లకి వద్దని చెప్పేసింది. చెప్పిన రోజు నేను వెళ్లాను. మర ఆపేసి ఉంది. ఆవిడ కింద కూర్చుని ఖాళీ గోనెసంచులు మడుస్తోంది.

“ఎందుకు భయపడ్డావు పిన్నీ? ఇంకొంచెం ఓపిక పట్టాల్సింది.”

ఆవిడ తలెత్తలేదు. “నువ్వు జీతం తీసుకునే మనిసివి. నీ ఓపిక నీకున్నాది. నాకు పిండి పడితేనే కదా.”

“నేను నీ తరఫునే కదా రాసింది.”

“అదే సెప్తన్నాను. నిన్నెవులు రాయమన్నారమ్మా? నువ్వు రాయకపోతే నాలుగు రోజులు తిట్టి, పండగొస్తే పిండి కోసరం ఆళ్లే వచ్చీవోరు. నువ్వు పేపర్లో రాసేక అది పరువు సంగతైపోనాది. మీ సదువుకున్నోలు మీలో మీరు కొట్టుకుంటారు. మజ్జిన నా మర ఎందుకు ఆగాల?”

ఏదో అనబోయాను.

“ఇంక రాకు. నువ్వొచ్చినట్టు సూస్తే మల్లీ ఏటో అంటారు.”

సంచులు మడవడం ఆపలేదు. నేను రోడ్డు దాటి ఇంటికి వచ్చేశాను. ఆవిడ అన్నదాన్ని నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. నేను రాయకపోయినా ఆ వీధి ఆవిడని అలాగే చేసేది. కానీ ఆ మాట ఆవిడకి చెప్పడానికి మళ్లీ ఆ గుమ్మం తొక్కలేకపోయాను.

టవర్ ఆగిపోయిందని సాహితీ సంఘం పండగ చేసుకుంది. పిచ్చుకల రచయితని పిలిచి సన్మానం పెట్టారు. మెయిన్ రోడ్డు మీద కళ్యాణమండపంలో, ఆదివారం పొద్దున్న. ఆయన్ని పక్షుల ఆత్మబంధువని పొగుడుతూ ఫ్లెక్సీ కట్టారు. మా ఆయన వద్దన్నా వెళ్లాను. వెనక వరసలో కూర్చున్నాను. రావికమతం నుంచి, చీడికాడ నుంచి కూడా జనం వచ్చారు. స్కూలు పిల్లలచేత అట్టముక్కలతో చేసిన పిచ్చుక గూళ్లు పట్టించి వరసగా నిలబెట్టారు.

ఆయన్ని చూడటం అదే మొదలు. తెల్లటి లాల్చీ, నెమ్మదైన మాట, ఎవరు నమస్కారం పెట్టినా రెండు చేతులూ పట్టుకునే అలవాటు. ఏ కోణంలో చూసినా మంచి మనిషి. నా కోపానికి అదొక పెద్ద ఇబ్బంది. చెడ్డవాడైతే పని తేలికయ్యేది. ఉపన్యాసంలో మళ్లీ నాయనమ్మ వచ్చింది, చేట వచ్చింది. చోడవరం ప్రజలు ఒక కలం మాట విని యంత్రాన్ని వెనక్కి పంపారని, అక్షరానికి ఇంకా బలం ఉందని మా వీధే రుజువన్నారు. చప్పట్లు మోగాయి.

ప్రశ్నలుంటే అడగమన్నారు. లేచాను. మైకు నా దాకా రాలేదు, గొంతు పెంచి అడిగాను.

“టవర్ పిల్లల గుండెల్ని కాలుస్తుందని రాశారు కదండీ. ఆ మాట రాసేముందు ఎవరినైనా అడిగారా?”

మాస్టారు కుర్చీలోంచి సగం లేచారు. రచయిత ఆయన్ని చెయ్యెత్తి కూర్చోబెట్టారు.

“అమ్మా, నేను శాస్త్రం రాయలేదు. నా బాధ రాసుకున్నాను. బాధకి ఆధారాలు చూపించమంటారా?”

జనం నవ్వారు.

“బాధకి అడగనండీ. పిల్లల గుండెల మాటకి అడుగుతున్నాను.”

“అది ఒక ఉపమానం.”

“మా వీధిలో ఎవరూ ఉపమానం అనుకోలేదు. స్తంభానికి కట్టుకుని చదివారు. కడుపుతో ఉన్న పిల్ల బెదిరిపోయింది. ఒకావిడ పిండిమర ఆగిపోయింది. వచ్చేవారం మీ కాలమ్‌లో అది ఉపమానమని ఒక్క లైను రాయండి, చాలు.”

ఆయన ముఖంలో చిరునవ్వు చెదరలేదు. “పాపం, ఆవిడెవరో నాకు తెలియదు. ఆవిడ గురించి నేను ఒక్క మాటా రాయలేదే. ఇక ఉపమానానికి కింద ఇది ఉపమానమని రాస్తే, మేం రాయడం మానుకోవడమే మంచిది కదా తల్లీ.”

ఈసారి చప్పట్లు కూడా కొట్టారు. నా వెనక నుంచి ఎవరో, “కంపెనీ మనిషి,” అన్నారు. మాస్టారు మైకు తీసుకున్నారు. “మేడం, కూర్చోండి. అతిథిగారికి భోజనం వేళైంది. ఇది సాహిత్య సభ, మీ ల్యాబ్ కాదు.”

కూర్చోలేదు, బయటికి వచ్చేశాను. చెప్పులు వేసుకుంటుంటే ఆయన స్వయంగా మెట్ల దాకా వచ్చారు. చుట్టూ ఫోన్లతో ఫోటోలు తీసేవాళ్లు.

“మీ ఆవేశం నాకు నచ్చిందమ్మా,” అంటూ తల మీద చెయ్యి పెట్టబోయారు.

వెనక్కి జరిగాను. చెయ్యి గాల్లో ఆగింది. ఆ ఫోటో ఎవరి ఫోన్లోనో ఉండే ఉంటుంది.

వచ్చేవారం కాలమ్‌లో నేను అడిగిన లైను రాలేదు. నేను వచ్చాను. పేరు రాయలేదు, ఊరు రాశారు. చోడవరం సభలో ఒక యువ అధ్యాపకురాలు తనని నిలదీసిందని, ఆమె కళ్లలో లెక్కలు తప్ప చెమ్మ కనిపించలేదని, మన చదువులు ఈ తరానికి చూపునిచ్చి చూరుని లాక్కున్నాయేమోనని, అయినా ఆమె కోపం ముందు తాను తల వంచానని రాశారు. ఆయన తల వంచలేదు, నా తల మీద చెయ్యి పెట్టబోయారు. కానీ చదివితే ఆయనే దెబ్బ తిన్నట్టు, నేను రాయి పట్టుకు నిలబడ్డట్టు ఉంది. చెప్పొద్దూ, చాలా బాగా రాశారు. మా కాలేజీలో తెలుగు చెప్పే ఆవిడ స్టాఫ్‌రూమ్‌లో గట్టిగా చదివి, “నువ్వే కదా ఇది, ఎంత అదృష్టం,” అంది. వేళాకోళం కాదు, నిజంగానే అంది. మా అమ్మకి కూడా ఎవరో పంపించారు. అమ్మ ఫోన్ చేసి, “అంత పెద్దాయన్ని ఏడిపించేవటే,” అని అడిగింది. ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పాను. అంతా విని, “సర్లే, కానీ ఆయన మంచిగానే రాసేడు కదా నీ గురించి,” అంది.

కన్నతల్లి దగ్గర కూడా ఆయన వాక్యమే నెగ్గింది. ఆ రోజు నేను అన్నం తినలేదు.

టవర్ మాత్రం వచ్చింది. రావికమతం రోడ్డు వైపు, ఊరు దాటాక, చెరుకు తోటలకి కూలికి వెళ్లేవాళ్ల ఇళ్ల వెనక ఎవరిదో ఖాళీ జాగాలో వేశారు. అక్కడివాళ్లని ఎవరూ అడగలేదు, వాళ్లకెవరూ వ్యాసం చదివి వినిపించలేదు. స్తంభానికి లామినేషన్లు లేవు. నా లెక్క ప్రకారం వాళ్లకీ భయపడాల్సింది ఏమీ లేదు. మా వీధి లెక్క ప్రకారం మాత్రం అది పిల్లల గుండెలు కాల్చే యంత్రం. అలాంటప్పుడు ఆ పిల్లల కోసం మాస్టారు వెళ్లి ఒక మాట అనాలి కదా. వెళ్లలేదు. పట్నంలో ఉన్న రచయితా దాని గురించి రాయలేదు. మా వీధికి సిగ్నల్ కొంచెం మెరుగైంది. మాస్టారు ఇప్పుడు వరండాలోనే కూర్చుని వీడియో కాల్‌లో సాహిత్య సభలు నడుపుతారని విన్నాను.

పురిటికొచ్చిన ఆ అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. వీధిలోకి టవర్ రాకపోబట్టే బిడ్డ దక్కిందని అందరూ చెప్పుకున్నారు. ఆ పిల్లని చూడటానికి నన్ను పిలవలేదు.

పిన్ని మర కొన్నాళ్లు నడిచీ నడవకుండా నడిచింది. అలవాటు తప్పినవాళ్లు తిరిగి రాలేదు. చివరికి మోటారూ రాళ్లూ అమ్మేసి ఆ గది ఒక కర్రీ పాయింటు వాళ్లకి అద్దెకిచ్చింది. ఆవిడ కనుబొమలు నల్లగా ఉండటం అప్పుడే మొదటిసారి చూశాను. ఎదురెదురు ఇళ్లలో ఉండి మాటల్లేకుండా బతకడం నా వల్ల కాలేదు. ఇల్లు మారదామంటే మా ఆయన వెంటనే సరేనన్నారు. ఒకచోట ఇంటాయన అడ్వాన్సు తీసుకోబోతూ, “మీరు టవర్ మేడం కదూ,” అని, వాళ్ల చెల్లెలు వస్తోందని ఇల్లు ఇవ్వనన్నాడు. తర్వాత దొరికిన ఇల్లు కాలేజీకి దూరం. అక్కడే ఉంటున్నాం. సామాన్లు ఆటో ఎక్కిస్తున్నప్పుడు పిన్ని డాబా మీద బట్టలు ఆరేస్తోంది. నేను చూశాను, ఆవిడా చూసింది. చివరి చీర ఆరేసి లోపలికి వెళ్లిపోయింది.

రాయడం నేను మానలేదు. చిన్న పత్రికల్లో వచ్చిన సైన్సు వ్యాసాలన్నీ కలిపి పుస్తకం వేద్దామని ఒక ప్రచురణకర్త అడిగాడు. కోతలు లేకుండా టవర్ల వ్యాసం కూడా అందులో పెట్టాను. అంతా సిద్ధమయ్యాక ఫోన్ చేసి, ముందుమాట కోసం ఆ పిచ్చుకల రచయితని తాను అడిగానని, ఆయన సంతోషంగా ఒప్పుకున్నారని చెప్పాడు.

“వద్దండీ,” అన్నాను.

“మేడం, ఆయన పేరుంటే లైబ్రరీలు కొంటాయి. సైన్సు పుస్తకం ఉత్తినే ఎవరు కొంటారు? ఒక్క పేజీ కదా.”

“ఆ ఒక్క పేజీ చదివి మిగతాది చదవరు. వద్దు.”

అతను చాలాసేపు బతిమాలాడు, తర్వాత విసుక్కున్నాడు. పుస్తకం ముందుమాట లేకుండానే, అనుకున్నదానికంటే తక్కువ కాపీలతో వచ్చింది. చాలావరకు మా మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. చోడవరంలో స్కూలు పుస్తకాలమ్మే కొట్టువాడు కొన్ని పెట్టుకుంటానంటే ఇచ్చాను. మాస్టారు ఒకటి కొన్నారట. కొన్నాళ్లకి అదే కాపీ కొట్టువాడి ద్వారా నాకు తిరిగి వచ్చింది. లోపల ఎర్ర పెన్నుతో అచ్చుతప్పులు దిద్ది ఉన్నాయి, వాక్యదోషాల పక్కన నిలువు గీతలు ఉన్నాయి. నిఘంటువు పెట్టుకుని చూశాను. చాలావరకు ఆయన దిద్దినవే సరైనవి. టవర్ల వ్యాసం ఉన్న పేజీల్లో మాత్రం ఒక్క గీతా లేదు. చదవకుండా దాటేశారో, చదివి పెన్ను పక్కన పెట్టారో నాకు తెలీదు. అడగలేదు. బజార్లో ఎదురైతే ఇప్పటికీ ఆయన కూరగాయల వైపు చూస్తారు, నేను రోడ్డు వైపు చూస్తాను.